బావగారి ఛార్జర్

బేకరీ, పిండి బల్ల దగ్గర్నుంచి
సోమవారం

గౌరవనీయులైన బావగారికి నమస్కారం.

ఇక్కడ మేం క్షేమం. మీరూ అక్కయ్యగారూ క్షేమమని తలుస్తాను. పెళ్ళి ఫొటోలో ఎవరు ఎవరికి అడ్డం నిలబడ్డారన్న సంగతి మీద మనిద్దరం ఫోన్లో అంత రాద్ధాంతం చేసుకున్నాక పిల్లలు పెట్టిన షరతు మీకు గుర్తుండే ఉంటుంది. "మీ వియ్యంకులిద్దరి చేతికీ ఫోనిస్తే మాటకి మాట పెరుగుతోంది. ఇకనుంచి ఉత్తరాలు రాసుకోండి. రాసేటప్పుడైనా కాస్త ఆలోచిస్తారు" అంది మా అమ్మాయి. మీ అబ్బాయి పక్కనుంచి తలూపాడు. అందుకే ఆలోచించి మరీ రాస్తున్నాను. నేనే అడ్డం నిలబడ్డాననుకోండి, ఇంక ఆ గొడవ వదిలేద్దాం.

నా అరవయ్యో పుట్టినరోజుకి అల్లుడుగారు పంపిన రిమోట్ విమానం ఇన్నాళ్ళూ మా బీరువా మీదే ఉంది. రెక్కలు మా బన్నుల ట్రే అంత పొడుగు. దాంతోపాటు రెండు లిథియం బ్యాటరీలు వచ్చాయి గానీ ఛార్జర్ రాలేదు. షాపుకి వెళ్తే అతను నాకు ట్రంకుపెట్టెంత ఛార్జర్ చూపించి, "ఎంత పెద్దది కొంటే అంత మంచిది సార్" అన్నాడు. ఇంకోటి చూపించాడు, అది నా అగ్గిపెట్టె కన్నా చిన్నది, దానికి మూడు దీపాలున్నాయంతే. రెండిట్లో ఏది కొనాలో తోచక, ఒక పెన్ను కొనుక్కుని ఇంటికొచ్చేశాను.

విమానాల విషయంలో మా కుటుంబాలు రెండిట్లోనూ పండితులు మీరొక్కరే. వేసవి సెలవులకి పిల్లలొస్తున్నారు. వాళ్ళొచ్చేలోగా విమానం ఎగరకపోతే తుక్కువాడికి ఇచ్చేస్తానని మీ చెల్లెలు గడువు పెట్టింది. ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. అమ్మాయి వెళ్ళాక ఇల్లు బోసిపోయింది బావగారూ. ఉన్నమాట చెప్పాలంటే పని అయ్యాక గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాను. అది వచ్చేసరికి నాన్న గోడకేసి కాదు, ఆకాశంకేసి చూస్తున్నాడని దానికి చూపించాలి.

ఏ ఛార్జర్ కొనమంటారో సెలవివ్వండి. కరెంటు వస్తువులంటే మీ చెల్లెలికి హడల్, కాబట్టి ఈ సంగతి మన మధ్యే ఉండాలి. మా పొయ్యిలో కాల్చిన బ్రెడ్డు ఒకటి ఈ పార్సిల్లో పెట్టాను, ఆరగించండి.

పొయ్యి పిలుస్తోంది కాబట్టి ఇంతటితో,
మీ బావ


కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది నుంచి
శనివారం

బావగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది, బ్రెడ్డు కూడా అందింది. ఫొటోలో అడ్డం నిలబడింది మీరేనని ఇన్నాళ్ళకి ఒప్పుకున్నందుకు సంతోషం. ఆ ఉత్తరం భద్రంగా దాచాను.

షాపువాడి మాట వినకుండా నాకు రాసి మంచి పని చేశారు. మూడు దీపాల ఛార్జర్ జోలికి వెళ్ళకండి. లోపల ఏం జరుగుతోందో అది చెప్పదు. ఎర్రగా వెలుగుతుంది, పచ్చగా వెలుగుతుంది, అంతే దాని చదువు. మీ బ్యాటరీ ప్యాక్‌లో మూడు సెల్స్ ఉంటాయి. మూడిటికీ సమానంగా ఎక్కించేది కావాలి, దాన్ని బ్యాలెన్స్ ఛార్జర్ అంటారు. ఒకటి నిండి పొర్లుతుంటే ఇంకోటి ఆకలితో ఉండకూడదు. ఇక ట్రంకుపెట్టె మీకు అనవసరం. మీ ప్యాక్‌కి కావలసింది ముప్ఫై వాట్లు, దానికి వెయ్యి వాట్లది ఎందుకు?

అయినా మీరు కొనడం దేనికి? పదేళ్ళుగా నేను వాడిన నూట యాభై వాట్ల ఛార్జర్ నా దగ్గర ఖాళీగా ఉంది, పంపుతున్నాను. ఎక్కువ వాట్లున్నాయని కంగారు పడకండి, మీరు ఎంత పెడితే అంతే ఇస్తుంది. దాని తెర బొటనవేలి గోరంత ఉంటుంది, అంకెలు చిన్నవి. కళ్ళున్నవాడికి అది చాలు.

జాగ్రత్తగా చదవండి. ప్యాక్ మీద 2200 అని ఉంటుంది. అంటే ఛార్జర్లో 2.2 ఆంపియర్లు పెట్టాలి. మీట నొక్కి పట్టుకుంటే అంకెలు పరిగెడతాయి, 2.2 దగ్గర వేలు తియ్యాలి. గంటో గంటంబావో పడుతుంది. అంతసేపూ పక్కనే ఉండాలి. నేల మీద గచ్చు పలక వేసి దాని మీద పెట్టండి. చలిగా ఉన్నప్పుడు ఎక్కించకూడదు, ప్యాక్ చేతికి చల్లగా తగిలితే కాసేపు వెచ్చటి చోట ఉంచండి.

మొన్న ఆదివారం నా విమానం పొదలో దిగిందని మా వాడు మీకు చెప్పే ఉంటాడు. అంతకు ముందు ఆదివారం కూడా. అది గాలి తప్పు. మా మైదానంలో గాలి పొదల వైపే వీస్తుంది.

కోడలు పిల్ల ఫోన్ చేస్తే మా ఆశీస్సులు చెప్పండి, చెల్లెమ్మకి ఏమీ చెప్పకండి.

మీ శ్రేయోభిలాషి,
బావ


బేకరీ, పొయ్యి వెనక నుంచి
గురువారం

బావగారూ!

పండింది! మీ సలహా అక్షరాలా పండింది! మీ ఛార్జర్ చేతిలో పట్టుకుంటేనే ధైర్యం వచ్చేసింది. ఈ రోజు పొద్దున మీ చెల్లెలు ముందున్న కొట్టులోకి వెళ్ళగానే పని మొదలుపెట్టాను. ప్యాక్ చేతికి చల్లగా తగిలింది. వెచ్చటి చోట ఉంచమన్నారు కదా? మా బేకరీలో పిండి పొంగబెట్టే అలమరా కన్నా వెచ్చటి చోటు ఈ ఊళ్ళోనే లేదు. బన్నుల ముద్దలు పక్కకి జరిపి, మధ్య అరలో గచ్చు పలక వేసి, దాని మీద ప్యాక్ పెట్టి, అక్కడే వైరు తగిలించాను. మీట నొక్కి పట్టుకున్నాను. అంకెలు పరిగెత్తాయి. 2.2 దగ్గర వేలు తీసేశాను.

గంట పడుతుందన్నారు గానీ మీకు మా అలమరా సంగతి తెలియదు. పావుగంటలో అయిపోయింది! తలుపు తీసి చూద్దును కదా, ఎంత చక్కగా పొంగిందో! రెట్టింపు అని అబద్ధం చెప్పను, కానీ పావు వంతు లేచింది. పక్కన బన్నులతో సమానంగా నునుపు తేలింది. వేలితో నొక్కి చూశాను. లోపలికి వెళ్ళి మెల్లగా మళ్ళీ పైకొచ్చింది. ముప్ఫై ఐదేళ్ళుగా పిండి పిసుకుతున్నవాణ్ణి, సరైన పొంగు ఏదో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఒకటే చిక్కు. ఇప్పుడది విమానం పొట్టలో పట్టట్లేదు. మళ్ళీ అలమరా అడుగునే దాచాను, ఆరితే కాస్త దిగుతుందా? రెండో ప్యాక్ కూడా ఇలాగే పొంగబెట్టనా?

ఆనందంతో,
మీ బావ


కళ్ళజోళ్ళ దుకాణం, గల్లాపెట్టె మీంచి
ఆదివారం

బావగారూ,

కుర్చీ లాక్కునే తీరిక లేక నిలబడే రాస్తున్నాను, గజిబిజిగా ఉంటే క్షమించండి. మీ ఉత్తరం చదివాను. లిథియం బ్యాటరీ పొంగకూడదు! పొంగితే అది చెడిపోయినట్టు! ఏ క్షణాన్నయినా భగ్గుమంటుంది! మీరు దాన్ని వేలితో నొక్కారా, బావగారూ? నొక్కారా?

షరతు నేనే తప్పాను. ఫోన్ చేశాను. చెల్లెమ్మ తీసింది. ఎలా ఉన్నారన్నయ్యగారూ అంది. బాగున్నామమ్మా, అలమరాలో బ్యాటరీ ఉందా అన్నాను. ఏ బ్యాటరీ అంది. ఇంక దాచడానికి ఏం మిగిలింది? మొత్తం చెప్పేశాను. ఆవిడ అంతా వింది. తర్వాత "మీరు పెట్టెయ్యండి, నేను చూసుకుంటాను" అంది. ఆ గొంతు విన్నాక నాకు బ్యాటరీ కన్నా మీ మీద బెంగ పట్టుకుంది.

క్షేమంగా ఉన్నానని వెంటనే రాయండి.

మీ బావ


బేకరీ, ఇసుక బకెట్టు పక్కనుంచి
బుధవారం

కళ్ళజోళ్ళ దుకాణం యజమాని గారికి,

క్షేమంగానే ఉన్నాను, మీ పుణ్యమా అని ఇంట్లో నాకు మాటసాయం చేసేవాడు మాత్రం లేడు. మీ చెల్లెలు ఫోన్ పెట్టేసి, పొయ్యిలోంచి బ్రెడ్లు తీసే పొడుగాటి చెక్క తెడ్డు పట్టుకొచ్చి, అలమరా తెరిచి, బ్యాటరీని దాని మీదకి ఎత్తి, నా వైపు కన్నెత్తి చూడకుండా కొట్టు మధ్యలోంచి వీధిలోకి నడిచింది. క్యూలో నిలబడ్డవాళ్ళు దారిచ్చారు. వీధి పక్కనున్న ఇసుక కుప్ప మీద వేసేసరికి ఒక్క బుస్సుమన్న చప్పుడు, ఇంత పొగ. ఆ పొగ చూసి పక్కింటి మంగలాయన కత్తెర పట్టుకునే బయటికొచ్చాడు.

ఇప్పుడు తీర్పు ఇలా ఉంది. ఒక్క బ్యాటరీ మిగిలింది. దాని దగ్గర ఆవగింజంత పొగ కనపడినా విమానం తుక్కువాడికే. పిల్లలొచ్చేలోగా ఎగరకపోయినా తుక్కువాడికే.

నేను అడిగేది ఒక్కటే. నేను చేసిన తప్పేమిటి? వెచ్చటి చోట అన్నారు, పెట్టాను. 2.2 అన్నారు, పెట్టాను. నా రెండు కళ్ళతో చూసి మరీ పెట్టాను. చెడిపోయింది మీ ఛార్జరే! పదేళ్ళ పాత సరుకు నాకు అంటగట్టి, పైగా "కళ్ళున్నవాడికి చాలు" అని ఎత్తిపొడుపొకటి. మగపెళ్ళివారి బెట్టు ఇంకా దిగలేదన్నమాట. ఇంట్లో చెప్పొద్దన్న మాట కూడా నిలబెట్టుకోలేదు. మీ ఛార్జర్ మీకే పంపేస్తున్నాను, దానికి పూజ చేసుకోండి.

ఫొటోలో అడ్డం నిలబడింది మీరే.

ఇట్లు,
బేకరీ యజమాని


కళ్ళజోళ్ళ దుకాణం, కౌంటరు నుంచి
మంగళవారం

బేకరీ యజమాని గారికి,

ఛార్జర్ అందింది. మీరు అన్న మాటలన్నీ కూడా అందాయి. ప్రాణం మీదకి వస్తే మాట తప్పాను, మళ్ళీ అలాంటిదే వస్తే మళ్ళీ తప్పుతాను. ఛార్జర్‌కి కరెంటిచ్చి చూశాను. చివరిసారి పెట్టిన అంకె అది గుర్తు పెట్టుకుంటుంది. దాని ఆరోగ్యం దివ్యంగా ఉంది. అంతకన్నా దాని గురించి ఇప్పుడు ఏమీ చెప్పదలుచుకోలేదు.

మీ ఉత్తరాలు మూడూ వరసగా బల్ల మీద పెట్టుకుని చూశాను. మొదటి దాంట్లో గీతల మీదే నడిచిన మీ అక్షరాలు, మొన్నటి దాంట్లో గీత దిగి కిందకి జారిపోతున్నాయి. కోపం వల్ల కాబోలు.

కాగితం అయిపోతోంది. కాబట్టి నేను అసలు చెప్పదలుచుకున్నది అడుగున చిన్న అక్షరాలతో రాస్తున్నాను. చదివి మీ అభిప్రాయం తప్పకుండా తెలియజెయ్యండి. వేరే ఎవరితోనూ చదివించుకోవద్దని మనవి.

మీరు పంపిన బ్రెడ్డు ఇటుకరాయి. అడుగంతా మాడింది. కోసే ప్రయత్నంలో మా చాకు వంగింది. ప్రస్తుతం మా ఆవిడ దాన్ని పెరటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంటోంది. ఇది చదివి మీరు నన్ను నానా తిట్లూ తిడితే అంతకన్నా నాకు కావలసింది లేదు.


బేకరీ, పిండి బల్ల దగ్గర్నుంచి
శుక్రవారం

బావగారికి వేయి నమస్కారాలు.

మీ ఉత్తరం చివర రాసిన మాటలు చదివాను. ఏం చెప్పను? నా మనసు కరిగిపోయింది. నేను అంత దురుసుగా రాసినా మీరు ఇంత పెద్ద మనసుతో నాలుగు ముక్కలు రాయడం మీకే చెల్లింది. మీరు రాసినదాంట్లో ప్రతి అక్షరం నిజం. మీ చెల్లెలికి కూడా ఆ మాటే చెప్పాను, బావగారు ఎంత గొప్పవారో చూశావా అని. చదవమని అడిగింది గానీ, మీరు వద్దన్నారు కదా, ఇవ్వలేదు.

మనలో మనకి కోపాలేమిటి? మీ నోటి మంచితనానికి గుర్తుగా ఇంకో రెండు బ్రెడ్లు పంపుతున్నాను. అక్కయ్యగారికి కూడా నచ్చిందని తెలిసి చాలా సంతోషించాను.

ఎప్పటికీ మీ,
బావ


కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది నుంచి
మంగళవారం

బావగారూ,

ఈసారి అక్షరాలు పెద్దవిగా రాస్తున్నాను. పేజీకి అయిదు లైన్లే పడుతున్నాయి. ఉత్తరం లావుగా ఉందని కంగారు పడకండి.

ఆ చిన్న అక్షరాల్లో నేను మీ బ్రెడ్డుని ఇటుకరాయి అన్నాను. మీరు నాకు కృతజ్ఞతలు చెప్పారు. బ్రెడ్డుని ఒక్క మాటంటే పెళ్ళిపందిట్లో క్యాటరింగు వాడి మీదకి చెయ్యెత్తిన మనిషి మీరు. ఆ ఉత్తరం చేతిలో పట్టుకుని ముందు పగలబడి నవ్వాను. తర్వాత ఛార్జర్‌కి మళ్ళీ కరెంటిచ్చి అంకె ఇంకోసారి చూసుకున్నాను.

బావగారూ, ఛార్జర్లో మీరు పెట్టిన అంకె 2.2 కాదు. 8.2. అది ఇంకా ఆ అంకె మీదే ఉంది. మీరు రెండు అనుకున్నది ఎనిమిది. దాదాపు నాలుగు రెట్ల కరెంటు తాగింది ఆ ప్యాక్. పైన మీ అలమరా వేడి. పొంగదా మరి?

మీ కళ్ళల్లో పొర వచ్చింది, శుక్లం. నేను డాక్టర్ని కాను గానీ రోజూ ఇలాంటివాళ్ళు పదిమంది నా కౌంటరు ముందు నిలబడి, "అద్దం మార్చండి, మసగ్గా ఉంది" అంటుంటారు. అద్దంతో పోయేది కాదని చెప్పి పంపిస్తుంటాను. చిన్న ఆపరేషన్, సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తారు. భయపడాల్సింది ఏమీ లేదు.

తప్పు నాది కూడా ఉంది. కళ్ళజోళ్ళు అమ్ముకునేవాణ్ణి, గోరంత తెర ఉన్న ఛార్జర్ పంపించి పైగా డాంబికాలు పోయాను. వాట్లు చూడమన్నాను, సెల్స్ చూడమన్నాను, అంకెలు మనిషికి కనపడతాయా అన్నది నాకు తట్టలేదు. ఇప్పుడు మీకు సరిపోయేది కొన్నాను. యాభై వాట్లది. ఏ మీట ఎంత నొక్కినా నాలుగు ఆంపియర్లు దాటదు. అంకెలు గోడ గడియారంలో ఉన్నంత ఉంటాయి. నేను ఈమధ్య వాడుతున్నదీ అదే రకం, తెరలు పెద్దవిగా ఉంటే దర్జాగా ఉంటుందని.

వచ్చే ఆదివారం నేనే తీసుకొస్తున్నాను. ఈసారి చెల్లెమ్మకి నేను ఒక్క ముక్క చెప్పను. మీరే చెప్పాలి.

మీ బావ


బేకరీ, మెట్ల మీంచి
శుక్రవారం

బావగారూ,

మీ ఉత్తరం అందిన రోజు బ్రెడ్లు తీసి, మెట్ల మీద కూర్చుండిపోయాను. మీ మీద కోపం రాలేదు. రావాలని ఎంత ప్రయత్నించినా రాలేదు.

నాకు తెలుసు బావగారూ. చాలా రోజులుగా తెలుసు. బ్రెడ్డు రంగు చూసి తియ్యడం మానేసి వాసన పట్టి తీస్తున్నాను. ముక్కు ఒక్కోసారి ఆలస్యంగా చెబుతుంది, అందుకే అడుగు మాడుతోంది. కళ్ళజోడు పెట్టుకుంటే పొయ్యి ఆవిరికి మసకేస్తుందని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. అద్దం లేకపోయినా మసకే అని చెప్పలేదు. మీ చెల్లెలికి తెలిస్తే పొయ్యి దగ్గర నిలబడనివ్వదు. నన్ను కౌంటర్లో కూర్చోబెట్టి బిస్కెట్లు అమ్మిస్తుంది. ఆ పొయ్యి లేకపోతే నేనెవర్ని? అందుకే భయపడ్డాను. విమానం పేరు చెప్పి ఆకాశం ఆకాశం అన్నాను గానీ, బీరువా మీద ఉన్న విమానమే నాకు తెల్లటి మచ్చలా కనపడుతోంది.

నిన్న చెప్పేశాను. పిండి కలుపుతోంది, చెయ్యి ఆపలేదు. "మూడు నెలల నుంచి చూస్తున్నాను, నువ్వెప్పుడు చెబుతావా అని. మాడిన బ్రెడ్లు కౌంటర్లోకి రాకుండా ఎవరు తీసేస్తున్నారనుకున్నావు?" అంది. తర్వాత పిండి చేతులతోనే ముఖం తుడుచుకుంది.

పొయ్యి దగ్గర్నుంచి తీసేస్తావా అని అడిగాను. "నిన్ను తీసేసి నేను నిలబడాలా అంత వేడిలో? వెళ్ళి ఆ పొర తీయించుకో" అంది.

రండి బావగారూ. మీకోసం ఎదురుచూస్తుంటాం.

మీ బావ


కళ్ళజోళ్ళ దుకాణం నుంచి
బుధవారం

బావగారికి,

క్షేమంగా ఇల్లు చేరాను. మనం వెళ్ళినప్పుడు డాక్టరు ఆపరేషన్‌కి ఇచ్చిన తేదీ మర్చిపోకండి. కొత్త ఛార్జర్ మీ చేతిలో పెట్టి, మీరు రెండు పాయింట్ రెండు అని పైకి చదివినప్పుడు నాకు ఎంత తృప్తిగా అనిపించిందో చెప్పలేను. ఎగరెయ్యని రోజుల్లో ప్యాక్‌ని నిండుగా ఉంచకండి, సగానికి దింపే మీట ఒకటి ఉంది, అది నొక్కండి. కడుపు నిండా పెట్టి పడుకోబెడితే దానికి పడదు.

ఒక సంగతి మనసులో పెట్టుకోలేక రాస్తున్నాను. బయల్దేరేటప్పుడు గుమ్మం పక్కన నిలబడ్డ చెల్లెమ్మకి నమస్కారం పెట్టి, "వెళ్ళొస్తానమ్మా, ఏమైనా తప్పుగా మాట్లాడి ఉంటే మనసులో పెట్టుకోకు" అన్నాను. పలకలేదు. తల కూడా ఊపలేదు. ఆ ఫోన్ సంగతి మీద ఇంకా కోపం పోలేదా? మీరే ఎలాగో సర్దిచెప్పాలి.

నా భూతద్దం ఎక్కడ పెట్టానో కనపడటం లేదు. మీ ఇంట్లో మర్చిపోయానేమో చూడండి.

మీ బావ


బేకరీ, మేడ మీంచి
సోమవారం

బావగారూ!

ఈ ఉత్తరంలో ఒక్క అక్షరమైనా గీత దిగిందేమో చూసుకోండి!

రెండు కళ్ళకీ ఆపరేషన్ అయిపోయింది. కట్టు విప్పగానే మొట్టమొదట కనపడింది మీ చెల్లెలి ముఖం. "ఇంత సన్నబడ్డావేమిటి?" అన్నాను. "ఇన్నాళ్ళూ మసగ్గా లావుగా కనపడ్డానా?" అని అక్కడే దెబ్బలాట పెట్టుకుంది. నర్సు బయటికి పంపించింది.

నిన్న పిల్లలతో మైదానానికి వెళ్ళాం. బయల్దేరే ముందు ఇంట్లోనే ఛార్జర్‌ని గచ్చు పలక మీద పెట్టి అంకె నేనే చదివాను, నా వెనక నిలబడి మీ చెల్లెలు మళ్ళీ చదివింది, ఆవిడ వెనక నిలబడి అమ్మాయి మూడోసారి చదివింది. ముగ్గురికీ 2.2 అనే వచ్చింది. గంటంబావు పట్టింది. పొంగలేదు, వెచ్చబడను కూడా లేదు. అల్లుడుగారు విమానాన్ని చేత్తో విసిరాడు. నేను రిమోట్ మీది కర్ర ముందుకి తోశాను. నీళ్ళ ట్యాంకు దాటి వెళ్ళింది బావగారూ. అంత దూరం వెళ్ళినా రెక్కల చివర ఎర్ర గీత కనపడుతూనే ఉంది. అమ్మాయి, "నాన్నా, చూశావా, చూశావా!" అని గంతులేసింది. దాని వైపు తిరిగాను. దాని ముఖం ఎంత స్పష్టంగా ఉందో! పెళ్ళిలో కూడా అంత బాగా చూడలేదు. విమానం సంగతి మర్చిపోయి దాన్నే చూస్తుంటే అల్లుడుగారు రిమోట్ లాక్కుని దింపాడు. మైదానం మధ్యలో దింపాడు, పొదలో కాదు. గాలి మాత్రం పొదల వైపే వీస్తోంది.

చూపు వచ్చాక కాల్చిన మొదటి విడత బ్రెడ్డు ఈ పార్సిల్లో ఉంది. తలుపుకి అడ్డం పెట్టడానికి పనికిరాదు, మెత్తగా ఉంటుంది. ఆ పాతదాన్ని అక్కయ్యగారు అలాగే ఉంచుకోవచ్చు.

మీ భూతద్దం మా ఇంట్లోనే ఉంది. తర్వాత పంపుతాను. మీ చెల్లెలికి మీ మీద కోపమేమీ లేదు, ఆ మాట నాది. ఆ సమయానికి ఆవిడ కొట్టులో ఉంది.

కాగితం అయిపోతోంది. అసలు చెప్పదలుచుకున్నది అడుగున చిన్న అక్షరాలతో రాస్తున్నాను. చదివి మీ అభిప్రాయం తప్పకుండా తెలియజెయ్యండి. వేరే ఎవరితోనూ చదివించుకోవద్దని మనవి.

మీరు అమ్మే కళ్ళజోళ్ళు సోడాసీసా అడుగులు. మీరు గుమ్మం దగ్గర నమస్కారం పెట్టి క్షమాపణ చెప్పుకున్నది కొక్కేనికి వేలాడుతున్న మా ఆవిడ ఆప్రాన్‌కి, పిండి పనికి కట్టుకునేదానికి. కళ్ళజోళ్ళవాడికే కనపడదంటే దుకాణానికి ఎవరొస్తారని మీకు భయం, నాకు తెలుసు. నా పొయ్యి నాకు మిగిలింది, మీ దుకాణం మీకు మిగులుతుంది. వచ్చే నెల మొదటి గురువారానికి మా డాక్టరు దగ్గర మీ పేరు రాయించాను. నేనూ మీ చెల్లెలూ వచ్చి తీసుకెళ్తాం. ఫొటోలో అడ్డం నిలబడింది ముమ్మాటికీ మీరే. వీటన్నిటికీ మీరు ఒప్పుకుంటే సరేనని రాయండి.


కళ్ళజోళ్ళ దుకాణం, వెనక గది నుంచి
శనివారం

బావగారికి వేయి నమస్కారాలు.

మీ ఉత్తరం చేరింది. విమానం ఎగిరినందుకు, మీ చూపు వచ్చినందుకు మా ఇంట్లో అందరం పొంగిపోయాం. బ్రెడ్డు మెత్తగా ఉంది, మా ఆవిడ రెండు ముక్కలు అడిగి మరీ తింది.

చివర చిన్న అక్షరాలతో రాసినదంతా ఇప్పుడే ఒక్క ఊపున చదివేశాను. నాకు భూతద్దంతో పనేమిటి, తీరిగ్గా పంపండి. మీరు నా గురించి రాసిన నాలుగు మంచి మాటలకి కళ్ళు చెమర్చాయి. అందులో ప్రతి అక్షరం నిజం. మన అమ్మాయికీ అబ్బాయికీ కూడా చూపించండి. అన్నిటికీ సరే. మీరు ఎలా అంటే అలాగే.

ఎప్పటికీ మీ,
బావ